పెద్దాయన దాచుకున్న పీపా

పెద్దక్క పాదాలకు మొక్కి, నీ చెల్లెలు సరోజ రాసుకుంటున్న మాటలు.

నువ్వూ, బావా, నాగవేణీ బాగున్నారని తలుస్తాను. బావ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మగ్గం గుంటలో అదే పనిగా కూర్చోవద్దని నా మాటగా చెప్పు. ఆలూరు చిన్నమ్మ వాళ్ళ చేనులో శెనక్కాయకు వాన అందిందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఒంట్లో నలత లేదు, తిండికి లోటు లేదు. బాగానే ఉన్నాను.

పోయినసారి ఫోన్లో నువ్వు, "సారాయోళ్ళ ఇంట్లో పని చేస్తాండావంట. మన నాయన దేనితో సచ్చినాడో మర్చిపోయినావా?" అని అడిగి పెట్టేశావు. నాయనను నేనెలా మరుస్తానక్కా? నువ్వు నన్ను చెప్పనీయలేదు. అందుకే రాస్తున్నాను. నాగవేణిని నిదానంగా చదివి వినిపించమను.

కువైట్‌లో నేను పిల్లలను పెంచిన పిలారమ్మ నీకు గుర్తే కదా. వాళ్ళు సొంత దేశం స్పెయిన్‌కు తిరిగి వచ్చేటప్పుడు నన్నూ తెచ్చి, హెరెస్ అనే ఊళ్ళో ఒంటరిగా ఉన్న ఆమె తండ్రి దగ్గర పెట్టారు. ఆయన పేరు రఫాయెల్. నేను పెద్దాయనా అంటాను, ఆయన నన్ను "ఇహా" అంటాడు. కూతురా అని దానికి అర్థం. ఆయన మాట్లాడేది స్పానిష్ అయినా నా చెవికి మన మాటల్లోనే వినబడుతుంది, అలాగే రాస్తాను. ఇక్కడి ఎండలు మన ఆదోని ఎండలే. నేల మాత్రం సున్నం చల్లినట్లు తెల్లగా ఉంటుంది. ఆ నేలలోనే ద్రాక్ష వేస్తారు.

పెద్దాయన వైన్ గోదాములో పెద్ద మేస్త్రీగా చేసినవాడు. ఏ పీపాలో వైన్ ఎలా తయారవుతోందో వాసన చూసి చెప్పడమే ఆయన పని. నేను వచ్చిన కొత్తలో ఒక జ్వరం వచ్చి తగ్గింది, దాంతో ఆయన ముక్కు పోయింది. వాసన ఏమీ తెలిసేది కాదు. ఏది తిన్నా మన్ను తిన్నట్లుందని కంచం పక్కకు నెట్టేవాడు.

ఒక రోజు గ్లాసు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. "నేను తాగను పెద్దాయనా" అన్నాను. "తాగమనలేదు ఇహా. వాసన ఎట్లుందో సెప్పు."

పులిసిన దోసెపిండి, పొట్టు తీసిన బాదం పప్పు అని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. దాన్ని ఫీనో అంటారట. ద్రాక్షరసం పూర్తిగా పులిశాక, కొంచెం సారాయి కలిపి పీపాలో పోస్తారు. పీపా నిండా పోయకుండా పైన ఖాళీ వదిలితే, పాల మీద మీగడలాగా తెల్లటి పొర కడుతుంది. ఆ పొర గాలి తగలనీయదు కాబట్టి కింద వైన్ లేత రంగులోనే ఉంటుంది, తీపి ఉండదు. సారాయి ఎక్కువ పోస్తే పొర చచ్చిపోయి, గాలి తగిలి, వైన్ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అది ఒలరోసో. దాని వాసన చూస్తే చిన్నప్పుడు అమ్మ పనిచేసిన జిన్నింగు మిల్లులో పత్తిగింజల చెక్క గుర్తొచ్చింది. అదే చెప్తే పెద్దాయన పడీపడీ నవ్వి, "ఆ చెక్క ఎవరు తింటారు?" అన్నాడు. "బర్రెలు" అన్నాను. ఎండబెట్టిన ద్రాక్షతో చేసేది ఇంకొకటుంది, నల్లగా పాకంలా జారుతుంది. అది అడుగంటిన బెల్లం పాకం వాసన.

ఆదివారాలు పిలారమ్మా, ఆమె భర్త దువార్తే సెవిల్లా నుంచి వచ్చేవాళ్ళు. అతనిది పక్క దేశం పోర్చుగల్. వాళ్ళ ఎర్ర పోర్ట్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టగానే మామా అల్లుళ్ళ పోట్లాట మొదలయ్యేది.

"పులిసేది కూడా పూర్తిగా పులవనీయరు, నడుమన్నే సారాయి పోసి ఆపేస్తారు" అనేవాడు పెద్దాయన.

"అందుకే తీపి మిగుల్తాది మామా. మా మదేరా దీవిలో అయితే పీపాలను ఎండవేడికి పెడ్తారు. ఎంత కాగితే అంత మంచిది."

"వైన్‌ను ఉడకబెడ్తారా? సూడు ఇహా, వీళ్ళ తెలివి!"

ఆ ఇంట్లో అంత నవ్వు ఉండేదక్కా. నాయన తాగిన తాగుడు వేరు, ఇక్కడిది వేరు. ఇంతమందిలో ఒక్కరు తూలగా నేను చూడలేదు. నేనైతే చుక్క ముట్టలేదు, ముట్టను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను.

పెరట్లో కొట్టం ఉంది, అందులో ఒకే ఒక పీపా. పెద్దాయన, ఆయన భార్య పెళ్ళయిన కొత్తలో కలిసి నింపినది. కొంచెం తీసినప్పుడల్లా కొత్త వైన్‌తో భర్తీ చేసుకుంటూ వచ్చారు. భార్య పోయాక ఆయన దాన్ని ముట్టలేదు. ఈసారి తన పుట్టినరోజుకు అందరికీ పోయాలనుకున్నాడు. ఆ రోజుకు ముందే నన్ను పిలుచుకుపోయి, బిరడా తీసి, పొడుగు కాడ ఉన్న చిన్న గిన్నెతో తోడి గ్లాసులో పోశాడు.

ముక్కు దగ్గర పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత ఘాటు.

"సెప్పు ఇహా."

నాకు అబద్ధం తట్టలేదక్కా. "పుల్లగా ఉండాది పెద్దాయనా. పాత ఊరగాయ జాడీ మూత తీసినట్లు."

"గోళ్ళరంగు వాసన కూడా వస్తాండాదా?"

"వస్తాండాది."

ఆయన గ్లాసు తీసుకుని నేల మీద పారబోశాడు. బిరడా పెట్టి అరచేత్తో కొట్టాడు. "సరేలే" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ నా ముక్కు దగ్గర ఏమీ పెట్టలేదు.

పుట్టినరోజు నాడు దువార్తే, "పీపా ఎప్పుడు తెరుస్తాండాం మామా?" అని అడిగితే, "దానికి ఇంకా టైము రాలేదు" అన్నాడు. నేను కంచాలు పట్టుకుని తల వంచుకున్నాను. పిలారమ్మ కనిపెట్టి వంటింట్లోకి వచ్చింది. "అది వెనిగర్‌లా పులిసి సిర్కా అయిపోయిందని మాకు పోయిన క్రిస్మస్‌కే తెలుసు సరోజా. దువార్తే దొంగతనంగా రుచి చూసినాడు, ఇప్పుడు అడిగింది కూడా ఏమీ తెలియనట్లు నటించేందుకే. మా నాయన ఉన్నన్నాళ్ళు ఆయనకు తెలియకూడదనుకున్నాం. నువ్వెందుకు సెప్తివి?"

నేను కంచాలు కడగడంలో పడ్డాను. ఆ రోజు నుంచి ఆయన ఎదుట పడాలంటే భయం. అన్నం పెట్టి వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఆయన పడక దిగడం తగ్గించాడు. చివరికి సెవిల్లాకు తీసుకుపోదామని పిలారమ్మ నిశ్చయించింది.

పోయే ముందు రోజు నా చేతులు ఊరుకోలేదు. పీపాలోంచి కొంచెం తోడి, టమోటా, ఎర్రగడ్డ తరిగి, ఉప్పూ పచ్చిమిరపకాయా వేసి, ఆ సిర్కా చిలకరించి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగిపోయాడు. తిడతాడనుకున్నాను.

"ఇహా, ఇది తెలుస్తాండాది" అన్నాడు. "పులుపు తెలుస్తాండాది. దీంట్లో ఏం ఏసినావు?"

"మీ పీపాదే పెద్దాయనా."

ఆయన ఇంకొక ముక్క నోట్లో వేసుకున్నాడు. తర్వాత గిన్నెను బల్ల మధ్యకు జరిపి, నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. సిర్కాలో నిషా ఉండదు కదక్కా, నేనూ తిన్నాను. ఇద్దరం రొట్టెతో తుడుచుకుని మరీ తిన్నాం. "మా ఆడమనిషి ఉంటే నన్ను తిట్టి, దీన్ని సీసాలకు పోసి ఊరంతా పంచేది" అన్నాడు.

మరునాడు తీసుకుపోయారు. సెవిల్లాలో పక్షం తిరగక ముందే నిద్రలోనే పోయాడు.

నిజం చెప్పినందుకు నాకు బాధ లేదక్కా. చెప్పి పారిపోయినందుకే. ఆ తర్వాత నెల రోజులు ఆయన మన్ను తిన్నట్లు తిన్నాడు. ఆ గిన్నె మొదటివారమే పెట్టి ఉండవచ్చు కదా? నేను తలుపు చాటున నిలబడి ఏడ్చిన పొద్దంతా ఆయనతో కూర్చుని ఉండవచ్చు కదా? పిలారమ్మ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండు.

ఇల్లు అమ్మేదాకా ఇక్కడే ఉంటాను. తర్వాత పోర్చుగల్‌లో దువార్తే వాళ్ళ అమ్మ దగ్గర పని ఉందన్నారు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాను. ఎవరైనా ఇటు వస్తే శెనక్కాయల పొడి పంపు. చిన్నమ్మకూ, బావకూ నా నమస్కారాలు. నాగవేణికి ముద్దులు. కోపం తీరితే ఒకసారి ఫోన్ చెయ్యి.

ఇంకొక్క మాట. శ్రావణంలో మీరు ఉరుకుంద గుడికి పోతారు కదా. ఈరన్న స్వామికి పెద్దాయన పేరు మీద ఒక టెంకాయ కొట్టు. పేరు నోరు తిరగకపోతే, మా చెల్లెలిని కూతురా అని పిలిచినాయన అని చెప్పు.

నీ ఆశీర్వాదం కోరుతూ,
చెల్లెలు సరోజ