ఉప్పు రోడ్డెక్కిన ఎర్ర కారు

బఫెలో, ఫిబ్రవరి 9

ఫ్లోరిడా ఎండలో కూర్చున్న అన్నయ్యకు,

మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలితే తుప్పు పడుతుందనీ, ఏప్రిల్ వానలు రోడ్లను రెండుసార్లు కడిగేదాకా నీ స్పోర్ట్స్ కారు మీద గుడ్డ తీయొద్దనీ అన్నావు. నిన్న తీశాను. నీ కూతురు డోరిన్‌కు నొప్పులు మొదలయ్యాయి. నా కారు చలికి స్టార్ట్ కాలేదు. ఆసుపత్రిదాకా రోడ్డంతా ఉప్పే.

"అత్తా, నాన్న చంపేస్తాడు," అంది నొప్పుల్లోనే.

"ముందు నువ్వు కను. తర్వాత ఇద్దరం కలిసి చద్దాం," అన్నాను.

ఆడపిల్ల. ముక్కు అచ్చం నీదే, పాపం.

కారు అడుగంతా వేడినీళ్లతో మూడుసార్లు కడిగాను. అయినా ఏదో మూల తుప్పు పడుతుంది. అక్కడ మాత్రం రంగు వేయించకు. నీ మనవరాలు స్టీరింగ్ పట్టే వయసుకొచ్చాక ఆ మచ్చ చూపించి, "నువ్వొచ్చిన దారి ఇదే" అని చెప్పాలి.

నీ చెల్లెలు