అల్లిక పుస్తకాల వెనక

సార్నియా
19 జనవరి 2024, శుక్రవారం

ప్రియమైన సూర్యకుమారికి,

పొద్దున మైనస్ పదహారు. సరస్సు మీది గాలి ఇంకా ఆగలేదు. కాఫీ షాపులో ఎనిమిది గంటల పని. ఓవెన్ ట్రేలు కడిగాను, వాకిట్లో మంచు తోసి ఉప్పు చల్లాను. ఇక్కడ బస్సు గంటకొకటి. తప్పిపోతే చలిలో నిలబడకుండా ఎదురుగా చర్చి వాళ్ళు నడిపే పాత సామాన్ల కొట్టులోకి వెళ్తాను. అక్కడ హీటర్ ఉంది, వెనక గోడంతా పుస్తకాలున్నాయి. ఈ మధ్య బస్సు కావాలనే తప్పిస్తున్నాను.

వరంగల్ పాలిటెక్నిక్‌లో ఉన్నప్పుడు పాత పుస్తకాలకు మనిద్దరం పోయేవాళ్ళం కదా. నువ్వు బేరమాడేదానివి, నేను సిగ్గుతో అటు తిరిగి నిలబడేదాన్ని. ఇక్కడ బేరం లేదు, రంగులున్నాయి. ప్రతి వస్తువుకూ ఒక రంగు స్టిక్కర్ ఉంటుంది. సోమవారం సోమవారం ఒక్కో రంగుకు సగం ధర. అందుకని నచ్చింది ఎక్కడో ఒకచోట దాచి, దాని రంగు వంతు వచ్చేదాకా ఆగాలి. దొరికినప్పటి కంటే ఆ ఆగడంలోనే ఎక్కువ సంతోషముంది. నీకు చెప్తే నవ్వుతావు.

ఈరోజు నాకు కావలసింది దొరికింది. బాయిలర్ ఆపరేటర్ల ఫోర్త్ క్లాస్ లైసెన్సు పరీక్ష పుస్తకం. సిలబస్ మారాక వచ్చిన కొత్త ఎడిషన్, రెండు పేపర్లకూ కలిపి దిండంత ఉంది. షాపులో కొత్తది కొనాలంటే నెల అద్దె అవుతుంది. లైబ్రరీలో రెండు గంటలు చూసి ఇచ్చెయ్యాలి. ఇక్కడి ప్లాంటులో ట్రైనీ పోస్టు ఒకటి పడింది. మే నెలాఖరుకు లైసెన్సు చేతిలో ఉన్నవాళ్ళనే పిలుస్తారట. నాకా పోస్టు కావాలి. కాఫీ షాపులో ఇంకో చలికాలం చెయ్యను.

పుస్తకం పద్దెనిమిది డాలర్లు, ఆకుపచ్చ స్టిక్కర్. ఆకుపచ్చ వంతు ఫిబ్రవరి ఐదున. అల్లిక పుస్తకాల వెనక పెట్టి వచ్చాను. అటు ఎవరూ పోరు.

శనివారం శనివారం ఇక్కడి పిల్లలను స్కార్‌బరోకు కారులో తీసుకెళ్ళే రామ్మోహన్ అన్నకు ఈ వంటల పుస్తకం ఇచ్చి పంపుతున్నాను. ఉత్తరం అందులో ఉంటుంది. ఫోన్ చేస్తే కస్టమర్ వచ్చాడని మధ్యలో పెట్టేస్తావు.

నీ
చరిత

స్కార్‌బరో
26 జనవరి

ఒసేయ్ ప్రియమైన చరితా,

వంటల పుస్తకంలో గొడ్డుమాంసం తప్ప ఏమీ లేదు. అయినా బొమ్మలు బాగున్నాయి, ఉంచుకున్నాను.

మా కొట్లో ఈ వారమంతా కరివేపాకు ప్యాకెట్లు కట్టే పని నాదే. ఆదివారం మాత్రం లైబ్రరీ వాళ్ళు తీసేసిన పుస్తకాలు అమ్ముతుంటే పోయాను. సంచి ఐదు డాలర్లు, ఎన్ని పడితే అన్ని. నా ముందు ఒక తమిళ పెద్దావిడ. ఆవిడ సంచి చిరిగింది. మెడలో స్కార్ఫ్ తీసి సంచి చుట్టూ కట్టి, ఇంకో నాలుగు పెట్టింది. నేనూ అట్లే కట్టాను. సబ్‌వేలో అందరూ నన్ను బిడ్డనెత్తుకున్నదాన్ని చూసినట్టు చూసి సీటిచ్చారు.

ఒక పుస్తకంలో ఎవరిదో చీటీ దొరికింది. "పాలు. బల్బులు. జాన్‌కు సారీ చెప్పాలి." పాలు, బల్బులు కొట్టేసి ఉన్నాయి. మూడోది అట్లనే ఉంది.

నువ్వు మాత్రం పిచ్చిదానివి. తొమ్మిది డాలర్ల కోసం చేతిలోకి వచ్చినదాన్ని అక్కడే దాచిపెట్టి వస్తావా? ఇది చదవగానే లేచి పో. పద్దెనిమిదీ పడేసి తెచ్చుకో.

సూర్య

సార్నియా
9 ఫిబ్రవరి

ప్రియమైన సూర్యా,

వాన, మంచు కలిసి పడుతున్నాయి. బస్సులు ఆలస్యం.

నీ మాట వినలేదు. సోమవారం షిఫ్టు మార్చుకుని, కొట్టు తెరిచేసరికి తలుపు దగ్గరున్నాను. పుస్తకం లేదు. అల్లిక పుస్తకాలన్నీ తీసి కింద పెట్టి చూశాను. కౌంటర్లో మార్గరెట్ అని ఒక పెద్దావిడ ఉంటుంది. అడిగితే చాలాసేపు నవ్వింది. పోయిన నెలలో అదే చోట నాలుగు దొరికాయట, నాలుగూ ఇంజినీరింగువే. "ఇంతమంది ఇండియన్ కుర్రాళ్ళు అల్లిక నేర్చుకుంటున్నారని మా చర్చిలో అందరికీ చెప్పాను" అంది. అందరం ఒక్క చోటే దాస్తున్నాం, సూర్యా. ఎవరికి వాళ్ళం మనకే తెలివుందనుకున్నాం.

శుక్రవారమే ఒకతను పూర్తి ధర ఇచ్చి తీసుకుపోయాడట. ఎవరో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. కిరీటి, కడప వైపు అబ్బాయి. కాలేజీలో మా క్లాసే, వెనక బెంచీ. ల్యాబ్ బయట పట్టుకున్నాను.

"అల్లిక పుస్తకాల వెనకది తీసింది నువ్వేనా?"

"నేనాడ మల్టీమీటర్ దాచిపెట్టుకొనుంటి. దానికోసం పోతే ఇది కనపడె. దేవుడిచ్చినాడనుకున్నా."

"దేవుడు కాదు, నేను."

"పేరు రాసిపెట్టుంటే తెలిసేది కదా."

"పేరు రాస్తే దాచినట్టెట్లయితది?"

"అదీ నిజమేలే."

"ఇరవై ఐదిస్త. ఇచ్చెయ్."

"యాభయ్యిచ్చినా ఇయ్యను. నేనూ రాయాల పరీక్ష. ఆ ప్లాంటుకే అప్లై చేసినా."

పోస్టు ఒక్కటే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చరిత

స్కార్‌బరో
16 ఫిబ్రవరి

చరితా,

చెప్పానా లేదా? సరే, తిట్టను.

రెండు రోజుల్లో ఆరు కొట్లు తిరిగాను. ఒకచోట నిచ్చెనెక్కి చూశాను, ఒకచోట నేల మీద కూర్చుని చూశాను. ఒకాయన కొట్టులో పుస్తకాలు మెట్ల మీద కూడా ఉన్నాయి. కిందకు దిగాలంటే ఒక్కో మెట్టు ఖాళీ చేసుకుంటూ దిగాలి. అక్కడ దొరికింది నీ పుస్తకం, కానీ మనం పుట్టకముందుది. మీ సిలబస్ మారిందన్నావు కదా, వదిలేశాను. నాకోసం మాత్రం మూడు కొనుక్కున్నాను. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, మనసు బాగుంది.

అతనితో పొత్తు కలుపుకో. సగం డబ్బివ్వు. రోజు విడిచి రోజు చదువుకోండి. ఇంతకీ ఎట్లుంటాడు? పొడుగా?

సూర్య

సార్నియా
8 మార్చి

ప్రియమైన సూర్యా,

మంచు కరిగి దారంతా బురద. ఈరోజు రెండు షిఫ్టులు.

పొత్తుకు ఒప్పుకున్నాడు. రెండు వారాలు రోజు విడిచి రోజు చూశాం. కుదరలేదు. క్లాసు వారానికి రెండు రోజులే. అతను ఊరికి ఆ కొసన ఉంటాడు, షిఫ్టు సాయంత్రం. నేను బస్సు దిగేసరికి అతను బస్సెక్కి పోయుంటాడు. ఫోన్‌తో పేజీలు ఫోటోలు తీయడం మొదలుపెట్టాం. అరవై పేజీలకే విసుగొచ్చింది. పైపుల బొమ్మలు ఆ చిన్న తెర మీద చీమల బారులా ఉన్నాయి.

కోసేద్దామన్నాను. మొదటి పేపరు ఒక ముక్క, రెండో పేపరు ఒక ముక్క.

"పుస్తకాన్ని కోస్తారా ఎవరైనా?" అన్నాడు కిరీటి.

"చదవకుండ పెట్టుకుంటరా ఎవరైనా?" అన్నాను.

ఆదివారం వాళ్ళింటి వంటగదిలో బల్ల మీద పెట్టాం. అతని రూమ్మేట్ సాయి తేజ కింద పేపరు పరిచాడు. పుస్తకం కళ్ళకద్దుకుని, "నేనీడ లేను, నేనేం చూడలేదు" అని బాత్రూములోకి పోయి తలుపేసుకున్నాడు. కిరీటి చేతులు వెనక్కి పెట్టుకుని, "నువ్వే కొయ్యి, నేను ముట్టను" అన్నాడు. అలవాటు కొద్దీ నేనూ కళ్ళకద్దుకున్నాను. తర్వాత కాఫీ షాపులో డబ్బాలు కోసే బ్లేడుతో కోశాను. వెన్ను జిగురు గట్టిగా ఉంది. నాలుగుసార్లు లాగాల్సి వచ్చింది. రెండు ముక్కలకూ వెనక టేపు వేశాను.

మొదటి ముక్క నాది. ఈ నెలాఖరుకు నేను మొదటి పేపరు, అతను రెండోది రాస్తాం. ఏప్రిల్ ఏడున బట్టలుతికే లాండ్రీలో ముక్కలు మార్చుకుంటాం.

పొడుగే. దాంతో పనేముంది?

చరిత

స్కార్‌బరో
15 మార్చి

చరితా,

చదివి నేను కూడా చెంపలేసుకున్నాను. మా కొట్టు ఓనరమ్మ శకుంతల ఆంటీకి చెప్తే, "ఆ అమ్మాయిని మా ఇంటికి రానియ్యకు" అంది. పది నిమిషాలకు మళ్ళీ వచ్చి, "పరీక్ష ఎప్పుడంది?" అని అడిగింది.

నాదొక్కటే భయం. అతనికీ ఆ పోస్టే కావాలి. ఏడో తారీఖున తన ముక్క పట్టుకుని రాకపోతే ఏం చేస్తావు? అడ్రసు తెలుసు కదా? వస్తే మాత్రం, మీ ఇద్దరి సంగతేమిటో నాకు సరిగ్గా రాయి.

సూర్య

సార్నియా
17 జూన్ 2024, సోమవారం

ప్రియమైన సూర్యా,

మూడు నెలలు రాయలేదు. ఎండలు బాగా కాస్తున్నాయి. కాఫీ షాపులో శనివారమే ఆఖరి షిఫ్టు చేశాను. ఈరోజు స్టీలు ముక్కున్న బూట్లు కొనుక్కొచ్చి, ఇంట్లోనే తిరిగి పాదాలకు అలవాటు చేశాను.

ఏడో తారీఖున లాండ్రీలో నలభై నిమిషాలు కూర్చున్నాను. రెండుసార్లు లేచి అతని ఇంటికి పోదామనుకున్నాను. బస్సు తప్పిందట, నడిచి వచ్చాడు, ముక్క చొక్కా లోపల పెట్టుకుని. ప్రతి పేజీ అంచునా పెన్సిలుతో రాసి పెట్టాడు. ఏది అర్థం కాలేదో, తర్వాత ఎట్లా అర్థమైందో, అంతా. నా ముక్కలో నేనూ అట్లాగే రాశాను. రాయమని ఒకరికొకరం చెప్పుకోలేదు.

రెండు పేపర్లూ ఇద్దరమూ పాసయ్యాం. మే నెలాఖరున ఇద్దరినీ ఇంటర్వ్యూకు పిలిచారు. సేఫ్టీ వాల్వు ఊరికే కారుతుంటే మొదట ఏం చూస్తావని అడిగారు. ఆ సంగతి అచ్చులో రెండు లైన్లే ఉంది. అంచున కిరీటి రాసినది తొమ్మిది లైన్లు. నేను ఆ తొమ్మిది లైన్లూ చెప్పాను. పోస్టు నాకిచ్చారు.

దాచలేదు. నేనే పోయి చెప్పాను.

"నన్నూ అదే అడిగినారు. రాసింది నేనే గదా, గుర్తుకు రాలే" అన్నాడు.

"నాది తీసుకొమ్మంటే తీసుకుంటవా?"

"అట్లా ఇయ్యరులే వాళ్ళు. ఇచ్చినా నాకొద్దు. నువ్వు చెప్పినావు, నీకొచ్చింది."

వారం తిరక్కుండా ఎక్కడో దూరాన ఆల్బర్టాలో ఒక కలప మిల్లు వాళ్ళు అతన్ని తీసుకున్నారు. అక్కడ బాయిలర్ ఉంది, చలి ఇక్కడికంటే ఎక్కువట. పుస్తకం రెండు ముక్కలూ మా జూనియర్ ఇషితకు ఇచ్చేశాం. అంటించి ఇవ్వమంది. వద్దు, ఇట్లాగే చదువు అన్నాను.

నువ్వు సరిగ్గా రాయమన్నావు. నువ్వు అనుకుంటున్నది అతను అడగలేదు. నేనూ అడగలేదు.

నేను రేపు ఉదయం ఏడింటికి ప్లాంటులో చేరుతున్నాను. కిరీటి నిన్న, పదహారో తేదీ ఆదివారం, ఉదయం ఎనిమిదీ నలభై రైలుకు వెళ్ళాడు.

చరిత