క్యారెట్ పిల్లనగ్రోవి

ఏమే, మన మనవరాలికి వినపడిందే! చెవి ఆపరేషనయిన దగ్గర్నుంచి ఇరవై రోజులుగా పాలడబ్బాలో గులకరాళ్లేసి ఆడించాను, గుమ్మడికాడతో బూర చేసి ఊదాను. పిల్ల తల తిప్పితే ఒట్టు. ఇవాళ పొద్దున గొడుగు ఊచతో క్యారెట్ తొలిచి, చిల్లులు పెట్టి, పిల్ల వెనక నిలబడి ఊదేసరికి గిరుక్కున తిరిగి నన్ను చూసింది! ఆ క్యారెట్‌ని వంటగట్టు మీద పెట్టి పక్కింటివాళ్లని పిలుచుకొచ్చేలోపు మనమ్మాయి కూరలోకి తరిగేసింది. "చిల్లులు చూసి పురుగు పట్టిందనుకున్నా నాన్నా!" అంది. సంగతి చెప్పగానే కత్తిపీట వదిలేసి ఒకటే ఏడుపు. అప్పటికప్పుడు ఇంకోటి చేసి ఊదాను. పిల్ల మళ్లీ తిరిగింది!

నీ గొంతు కూడా దానికి వినిపించాలే. నేనే విని నాలుగు నెలలైంది. మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గితే అబ్బాయిని తోడు తీసుకుని బయల్దేరి రా. పాదు మీద ఎండిన సొరకాయలుంటే పారెయ్యకుండా పట్రా, గిలక్కాయలు చేస్తాను. పెరటి గోడ నిలబడే ఉందా?

అబ్బాయికీ కోడలికీ నా ఆశీస్సులు. ఈ కబురు మీ అన్నయ్యకి, మీ వదినకి, మా చెల్లెలికి చెప్పు. ఈ పిల్ల బతుకింతే అన్న మా పెద్దన్నయ్యకి మాత్రం రెండుసార్లు చెప్పు.