కాలువ గట్టు మీద కారు

ఆదివారం, పడుకునే ముందు

స్టేడియం లోపల పార్కింగ్ పాసులున్నవాళ్ళకేనట. రెండు చుట్లు తిరిగి, చివరికి బందరు కాలువ గట్టు మీద ఎవరిదో కారుకి అడ్డంగా పెట్టాను. “ఆయనొస్తే తియ్యాలండీ, ఒకళ్ళు కార్లోనే ఉండండి” అన్నాడు కానిస్టేబుల్. దాంతో మా అమ్మాయి చిన్ని ఆడే మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌ని పంచుకున్నాం. మొదటి సగం నేను, రెండో సగం మా ఆవిడ వాణి. చిన్ని కూడా సరేనని లోపలికి పరుగెత్తింది.

మొదటి సగంలో బంతి దాని దరిదాపులకే రాలేదు. విరామంలో గేటు దగ్గర ఒకటే తోపులాట. నేను కారు చేరేసరికే ఆట మళ్ళీ మొదలైంది. వాణి తాళాలు నా చేతిలో పెడుతుండగా స్టేడియంలోంచి పెద్ద కేక. “గోల్ పడ్డట్టుందండీ” అంటూ పరుగెత్తింది. మ్యాచ్ మొత్తానికి అదొక్కటే గోల్.

అయ్యాక చిన్ని చెమటతో వచ్చి వెనక సీట్లో కూలబడింది. “నా గోల్ చూశారా?”

“మీ అమ్మ చూసిందమ్మా” అని నేనూ, “మీ నాన్న చూశారే” అని వాణీ ఒకేసారి అన్నాం.

చిన్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మరి కారు దగ్గర ఎవరున్నారు?”

కారు స్టార్ట్ చేశాను. మేం అడ్డం పెట్టిన కారాయన అప్పటికీ రాలేదు.