పద్దెనిమిదో వాక్యం

మార్చి 3, సోమవారం

కొత్త బ్యాచ్‌కి ఈరోజు పదిహేడు వాక్యాలు నేర్పాను. మాది చెవి మిషన్లు అమ్మే విదేశీ కంపెనీకి కాల్ సెంటర్. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు మిషన్ వెనక్కి ఇచ్చేస్తామని ఫోన్ చేస్తారు. అప్పుడు అనాల్సిన ఇంగ్లిష్ ఓదార్పు మాటలు రాసింది నేనే. ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్. ఐ కెన్ ఓన్లీ ఇమాజిన్. ప్లీజ్ టేక్ యువర్ టైమ్. టేక్ యువర్ టైమ్ అనాలి గానీ, కాల్ మాత్రం ఆరు నిమిషాల్లో ముగించాలి.

బ్యాచ్‌లో ఒకామెకి ముప్పై ఎనిమిదేళ్లు. మిగతా పిల్లలంతా పెద్దక్క అంటున్నారు. పదిహేనేళ్లు బట్టలు కుట్టిందట. కళ్లు మొరాయించాయి, సూదిలో దారం ఎక్కకపోతే ఇక నోటితోనే బతకాలి కదా మేడమ్ అంది.

మార్చి 5

ఇవి మన భాషలో ఎలా అంటాం మేడమ్ అని పెద్దక్క అడిగింది. మీ నష్టానికి చింతిస్తున్నాం అన్నాను. నీళ్లు రావని చెప్పే నోటీసులా ఉందని క్లాసంతా నవ్వింది. నిజమే. మనవాళ్లు ఏమంటారు? ఎలా జరిగింది అంటారు. పిల్లలు తిన్నారా అంటారు. పక్కన కూర్చుంటారు.

అన్నయ్య పోయినప్పుడు నేను వదినకి డీపెస్ట్ కండొలెన్సెస్ అని మెసేజ్ పెట్టాను. ఎమ్మే ఇంగ్లిష్‌ని మరి. మూడు నెలల తర్వాత వదిన అంది, ఏ ఆఫీసు నుంచి వచ్చిందో అనుకున్నానమ్మా అని.

మార్చి 19

పెద్దక్కకి రెండో ఫేటల్. ఫేటల్ అంటే సున్నా మార్కుల కాల్. కంగారులో వాక్యాలు మరిచిపోయింది. మూడోది వస్తే ఉద్యోగం పోతుంది. మార్కులు వేసేదీ నేనే.

మార్చి 26, ఉదయం 11

ఒకే కాల్ మూడుసార్లు విన్నాను.

ఓ పెద్దాయన. భార్య పోయి తొమ్మిది రోజులైంది. మిషన్ ఎక్కడికి పంపాలో చెప్పమన్నాడు. పొడి గొంతు. పెద్దక్క మొదటి వాక్యం అంది. థాంక్యూ అన్నాడు. రెండోది అంది. థాంక్యూ. తర్వాత ఈమె కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. అప్పుడు అడిగింది, వాట్ డిడ్ షీ లైక్ టు హియర్ అని.

పెద్దాయన మొదలుపెట్టాడు. నీళ్లు మరిగే చప్పుడట. పై వాటాలో ఎవరైనా కుర్చీ జరిపితే, హమ్మయ్య, మనుషులున్నారు అనేదట. మిషన్ పెట్టుకున్న మొదటిరోజు, పన్నెండేళ్ల తర్వాత ఆయన అడుగుల చప్పుడు విని, చెప్పులు ఈడ్చకుండా నడవడం చేతకాదా అని తిట్టిందట. చెప్తూ నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఇంకేదో అయిపోయింది. పెద్దక్క ఊ కొడుతూనే ఉంది. పద్నాలుగు నిమిషాలు.

ఇన్నేళ్లుగా ఆ భాష చదివాను, చదివించాను. దానితో ఇంత పని చేయొచ్చని నాకు తెలియదు.

సొంత విషయాలు అడిగితే ఫేటల్. ఆరు నిమిషాలు దాటితే ఫేటల్. ఒక్క కాల్‌లో రెండూ.

అదే రోజు, మధ్యాహ్నం 3

మార్కులు వేయలేక మేనేజర్ దగ్గరికి వెళ్లాను. కాల్ విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అయినా రూల్ రూలే అన్నాడు. నేనేదో వాదించాను, నాకే నమ్మకం లేని గొంతుతో. చివరికి దారి ఆయనే చూపాడు. ఆ ప్రశ్న మీ లిస్టులోనే ఉంటే తప్పెలా అవుతుంది, పాత తేదీ వేసి చేర్చేయండి, టైమ్ సంగతి నేను చూసుకుంటా అన్నాడు.

చేర్చాను. పద్దెనిమిది.

మంచే చేశాను కదా?

ఏప్రిల్ 2

పెద్దక్క ఉద్యోగం ఖాయమైంది. ఆ ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

ఏప్రిల్ 11

ఫ్లోర్ మీద నడిస్తే నలభై నోళ్లలో అదే ప్రశ్న. ఒకడు చూయింగ్ గమ్ నములుతూ. ఒకమ్మాయి గోళ్లు చూసుకుంటూ. ఒక కస్టమర్ ఎదురడిగిందట, నీకు నిజంగా తెలుసుకోవాలని ఉందా అని. మావాడు లిస్టు చూసుకుని ప్లీజ్ టేక్ యువర్ టైమ్ అన్నాడట. క్యాంటీన్‌లో పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత టీ సగంలోనే వదిలేసి లేచాను.

మీరూ అదే అడుగుతున్నారా అన్నాను పెద్దక్కతో. లేదు మేడమ్, అది ఆ పెద్దాయనది కదా అంది. ఒకరి కొలతలు తీసుకుని ఇంకొకరికి కుడితే ఊరుకుంటారా అని నవ్వింది. మరి కొలతలు ఎలా తీస్తారు అన్నాను. వింటాను మేడమ్ అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఏప్రిల్ 14

లిస్టులోంచి పద్దెనిమిదోది కొట్టేశాను.

పెద్దక్క ఇవాళ్టి కాల్ విన్నాను. పంతొమ్మిది నిమిషాలు. అవతల ఒక తల్లి. నూటికి నూరు వేసి, కింద నా సంతకం పెట్టాను. ఎవరికైనా సంజాయిషీ కావాలంటే నన్నే అడగొచ్చు.

ఈసారి పెద్దక్క ఏమడిగిందో ఇక్కడ కూడా రాయను.