పట్టుదారం కట్టిన యాంటెన్నా

అన్నా,

శుక్రవారం పేరేసంద్రలో పెళ్లి ఉంది. నువ్వు పోయాక మనకు వచ్చిన మొదటి వీడియో పని అది. నీ డ్రోన్ నేనే ఎగరేయాలి. అదేమో మల్బరీ తోట దాటగానే రిమోట్‌కు అందకుండా పోతోంది. అందుకే ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

బ్యాటరీ మార్చాను. రిమోట్‌నూ రిసీవర్‌నూ మళ్లీ జత చేశాను. మనింట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కదా, నువ్వు చేర్పించిన డిప్లొమాలో నేర్చుకున్నదంతా ప్రయత్నించాను. ఫలితం లేదు. ఈరోజు డ్రోన్‌ను తిరగేసి అడుగున చూశాను. విడివిడిగా బయటికి నిలబడాల్సిన రెండు యాంటెన్నా తీగలనూ ఎవరో కార్బన్ ఫ్రేముకు అదిమి పట్టుదారంతో కట్టేశారు. కార్బన్ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది.

"అమ్మా, ఇది ఎవరు కట్టినారు?"

"నేనే. ఆయుధపూజకు బొట్టు పెడతాంటే మీసాల మాదిరి ఏలాడతా ఉండె. రాట్నానికి కట్టినట్లే దీనికీ కట్టినా."

"దీనివల్లే అది దూరం పోలేకుండా ఉండాది. విప్పేస్తా."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చింతామణికి పోయొస్తానని బండెక్కిన మీ అన్న యాడొచ్చినాడు? ఇదన్నా దూరం పోకుండా ఉండనీ తల్లీ."

కత్తెర పక్కన పెట్టేశాను. ఈ పెళ్లి పోతే మనల్ని ఇంకెవరూ పిలవరు. దారం కోస్తే అమ్మ ముఖం చూడలేను. నువ్వు జవాబు రాయలేవని తెలుసు. అయినా అడుగుతున్నాను, కోయనా వద్దా? గురువారం సాయంత్రంలోగా చెప్పు.

నీ చెల్లెలు