సభలో చదివి వినిపించిన అర్జీ

ధర్మపురి, జూన్ 3

ఇండూరు కుల సంఘం పెద్ద వరదరాజన్ పెద్దమామ గారికి, మీ తమ్ముని కోడలు సత్యప్రియ దండాలు.

సంగతి సూటిగా రాస్తాను. మీ తమ్ముని కొడుకు దినకరన్‌తో నేనింక కాపురం చెయ్యను. మూడుసార్లు కొట్టినాడు. నా ఆరు సవర్ల బంగారు నగలు నన్నడక్కుండా కుదువబెట్టి రెండో లోడు ఆటో కొన్నాడు. పాప చిత్రను తీసుకుని ధర్మపురికి వచ్చేసినాను. బట్టల కంపెనీలో కుడుతున్నాను. నాకు విడాకులు కావాలి. నగలు తిరిగి రావాలి. పాపకు నెలనెలా ఖర్చివ్వాలి. సంఘం మధ్యస్థం చేస్తుందన్నారు, కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను.

ఇట్లు,
సత్యప్రియ

తా.క. మనది తెలుగు కులమని, అర్జీ తెలుగులో రాస్తేనే తీసుకుంటామని సంఘం గోడకు బోర్డు పెట్టినారు. ఆ బోర్డు అరవంలో ఉంది. ఈ అరవదేశంలో నాకు బడిలో తెలుగు చెప్పినవాళ్ళు లేరు, ఆంధ్రా లారీల వెనక రాతలు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే లారీలనడగండి.

ఇండూరు, జూన్ 9

చి.సౌ. సత్యప్రియకు పెద్దమామ దీవెనలు.

నీ అర్జీ నిండు సభలో చదివించినాము. తప్పు ఒప్పుకుని నువ్వు క్షమాపణ అడిగిన తీరుకు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. దినకరన్ పెద్ద మనసుతో మన్నించినాడు. శుక్రవారం మంచిది. వచ్చేయి.

వరదరాజన్
(సంఘం ముద్ర)

తా.క. పరగడుపున టీ తాగొద్దు. నీకు తలనొప్పి వస్తుంది.

ధర్మపురి, జూన్ 12

పెద్దమామ గారికి,

దండాలు పెట్టే ఓపిక లేదు, పెట్టినాననుకోండి. నా అర్జీలో క్షమాపణ ఎక్కడుంది? నేనేం తప్పు చేసినానని? విడాకులు అని ఈసారి పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసినాను. పొద్దంతా మిషను మీద కూచుని వచ్చి, పాపకు అన్నం పెట్టి, వంగని వేళ్ళతో ఇది రాస్తున్నాను. నాకు అడిగే దిక్కు మీరు తప్ప లేదు. దయచేసి రాసింది రాసినట్టు చదవండి.

సత్యప్రియ

తా.క. నా తలనొప్పి సంగతి మీకెవరు చెప్పినారు?

ఇండూరు, జూన్ 18

చి.సౌ. సత్యప్రియకు దీవెనలు.

అత్తతో పొసగక విడి కాపురం అడిగినావని సభకు అర్థమైంది. ఒప్పుకున్నాము. మేడమీది గదికి సున్నం కొట్టిస్తున్నాము. నగల ఊసెత్తని నీ గుణాన్ని అందరూ మెచ్చుకున్నారు. దినకరన్‌కేం తక్కువ? రెండు ఆటోల మీద నెలకు నలభై వేలు తెస్తున్నాడు. నిన్నూ పాపనూ రాణుల్లా చూసుకుంటాడు.

వరదరాజన్
(సంఘం ముద్ర, రెండుసార్లు)

తా.క. చిత్ర ఇంకా పక్క తడుపుతోందా? పడుకునే ముందు నీళ్ళు తాగనివ్వొద్దు.

ధర్మపురి, జూన్ 26

దినకరన్‌కు,

క్షేమం అడగను. చిత్ర పక్క తడిపే సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. అందుకే ఆదివారం బస్సెక్కి పెద్దమామ ఇంటికి పోయినాను. నా ఉత్తరం చేతికిస్తే కంటి దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, మడిచి ఇచ్చేసినాడు.

"నాకు తెలుగు అచ్చరం రాదు బిడ్డా. సంఘంలో ఎవురికి వచ్చు? మన దినకరనే చదవతాడు, జవాబూ వాడే రాస్తాడు. నేను ముద్ర గుద్దతాను. నీ క్షమాపణ చదవతా చదవతా ఎట్లా ఏడ్చినాడని."

అసలు సంగతి చెప్పినాను. నమ్మలేదు. "ముద్ర పడిపోయింది కదమ్మా" అన్నాడు.

నీకు ఆ అక్షరాలు నేర్పింది నేనే. ఆటో అద్దం మీది దుమ్ములో వేలు పట్టి దిద్దించినాను, కాగితం మీద నీ రాత నేనెప్పుడూ చూడలేదు. మొదట దిద్దించింది నా పేరు.

ధర్మపురి కోర్టులో ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆడవాళ్ళకు వకీలును ఊరికే ఇస్తారు. ఇన్నాళ్ళూ సభకు దండాలు పెట్టినాక తెలిసింది. మధ్యస్థం అక్కడా ఉంది, కాని మధ్యన కూర్చునేది మొగుడు కాదు. "మొగుళ్ళందరూ సంపాదన లేదనే చెబుతారు, రుజువు దొరకదు" అని వకీలు రంజనమ్మ దిగులుపడింది. నీ ఉత్తరాలిచ్చినాను. నలభై వేలని నీ చేతిరాతలో ఉంది. కింద సంఘం ముద్ర ఉంది, రెండుసార్లు. నువ్వు రాసిన వాటిలో నిజం అదొక్కటే.

సత్యప్రియ

తా.క. దీన్ని కూడా సభలో చదువుతావు కదా, చదువు. ఏ మాటైనా మార్చుకో, తేదీ మాత్రం మార్చకు. జూలై పద్నాలుగు, ఉదయం పదిన్నర, ధర్మపురి కోర్టు.